మరణ తేదీ గడి ఖాళీగా ఉంచరాదు

పెమ్మాడి సత్తిరాజు గోదావరి మీద లాంచీ నడిపినన్నాళ్ళూ ఎదురుగాలిని తిట్టాడు, ఇసుక మేటల్ని తిట్టాడు, టికెట్టు కొనకుండా ఎక్కి "మా బావమరిది మీ ఆఫీసులోనే" అనే పెద్దమనుషుల్ని తిట్టాడు. కంప్యూటర్ని మాత్రం ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు. దానికీ ఆయనకీ పరిచయమే లేదు. ఉభయతీర రేవుల సంస్థలో సరంగుగా చేరి, సరంగుగానే రిటైరై, కాకినాడలో ఒక చిన్న డాబా వేసుకుని, సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని పోయేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ పలకరించుకుంటూ బతుకుతున్నాడు. పింఛను ట్రెజరీ వాళ్ళు ఇస్తారు. జబ్బు చేస్తే చూసే హెల్త్ కార్డు మాత్రం రేవుల సంస్థది.

ఆయనకి ఎడమకన్ను లేదు. ఉద్యోగంలో ఉండగా మోకు తెగి కొట్టిన దెబ్బకి పోయింది. ఉన్న కుడికన్నుకి ఇప్పుడు శుక్లం పట్టింది. పోయేవాళ్ళు వచ్చేవాళ్ళలాగా, వచ్చేవాళ్ళు స్తంభాల్లాగా కనపడటం మొదలెట్టారు. కంటి డాక్టరు చూసి, "ఇది బాగా ముదిరింది పెద్దాయనా. వానలు పడేలోగా తీయించేసుకో. ఆలస్యమైతే ఆ తర్వాత నేను తీసినా నీకు ఒరిగేదేం ఉండదు" అని ఉన్నమాట చెప్పాడు. హెల్త్ కార్డు మీద సంస్థ మంజూరు ముద్ర పడితే చాలు, ఆపరేషను అయిపోతుంది.

సరిగ్గా అప్పుడే ఎండీ పరాంకుశం గారు ఎక్కడో జరిగిన సెమినారుకి వెళ్ళొచ్చారు.

సెమినారుకి వెళ్ళొచ్చిన అధికారినీ, కొత్తగా ఈత నేర్చుకున్నవాణ్ణీ ఒడ్డున ఆపడం ఎవరి తరమూ కాదు. కంప్యూటర్లకి పనులు చెప్పే స్క్రిప్టులు ఏదో ఒక భాషలో రాస్తారనీ, ఆ భాషకి కొత్త వెర్షన్ వచ్చిందనీ, తమ సంస్థ ఇంకా పాత వెర్షన్లోనే కొట్టుమిట్టాడుతోందనీ పరాంకుశం గారికి అక్కడ తెలిసింది. ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదట. తిరిగి రాగానే 'భాషా నవీకరణ ఉన్నతస్థాయి సంఘం' వేశారు. నిష్పాక్షికత కోసం, ఆ భాష తెలిసినవాళ్ళెవర్నీ అందులో వేయలేదు. సంస్థ మొత్తానికి ఆ భాష వచ్చిన ఒకే ఒక్క మనిషి సిస్టమ్స్ ఆఫీసరు ప్రణీత. సంఘం సమావేశమైనప్పుడల్లా ఆ అమ్మాయి తలుపు బయట స్టూలు మీద కూర్చునేది, లోపల ప్రొజెక్టరు ఆగిపోతే వెలిగించడానికి.

సంఘం వారం రోజుల్లో స్క్రిప్టులన్నిటినీ కొత్త వెర్షన్లోకి దాటించేసింది. ఎలా పరీక్షించారంటే, ఒక్కొక్క ఫైలూ తెరిచి చూశారు. తెరుచుకుంది కాబట్టి సరిగ్గా ఉన్నట్టే. 'నూటికి నూరు శాతం సఫలీకృతము, ఇకపై ఒక్క అక్షరము కూడా మార్చనవసరము లేదు' అని సర్టిఫికెట్టు రాసి అందరూ సంతకాలు చేశారు. రాజధానిలో పరాంకుశం గారికి ఇత్తడి షీల్డు ఇచ్చారు. దాన్ని ఆఫీసు గుమ్మంలో అద్దాల పెట్టెలో పెట్టి, మీద చిన్న బల్బు కూడా వేశారు.

మొదట బయటపడింది లైఫ్ జాకెట్ల సంగతి. ఐదు జాకెట్లని రెండు పడవలకి పంచమంటే పాత భాష తలా రెండిచ్చి, మిగిలిన ఒకటీ గోడౌన్లో పడేసేది. కొత్త భాషకి లెక్కంటే లెక్కే. పడవకి రెండున్నర అంది. స్టోరుకీపరు రాతపూర్వకంగా వచ్చిన ఉత్తర్వుని తోసిపుచ్చలేక, గోనెసంచులు కోసే కత్తెర తెచ్చి ఒక జాకెట్టుని నిలువునా కోశాడు. గోడౌన్లో నిల్వ సున్నా అయినందుకు ఆడిట్ వాళ్ళు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. దాన్ని కూడా షీల్డు పక్కన పెట్టారు.

ఆ తర్వాత వచ్చింది సత్తిరాజు మెడకి చుట్టుకున్నది.

రిటైరైనవాళ్ళ జాబితాలో ప్రతి పేరుకీ మరణ తేదీ అని ఒక గడి ఉంటుంది. పోయినవాళ్ళకి తేదీ, ఉన్నవాళ్ళకి ఖాళీ. స్క్రిప్టు రోజూ పొద్దున్నే అందర్నీ మరణ తేదీ ప్రకారం వరసలో నిలబెట్టి, తేదీ దాటినవాళ్ళని తీసేసి, మిగిలినవాళ్ళకి ఆ వరసలోనే, రోజుకి కొందరి చొప్పున మంజూర్లు ఇస్తుంది. పాత భాష సర్దుకుపోయే మనిషి లాంటిది. ఖాళీ గడి కనపడితే "ఏమీ లేదంటే అన్నిటికన్నా తక్కువేగా, ముందుకొచ్చి కూర్చో" అనేది. కొత్త భాష పట్టింపుల మనిషి. ఖాళీకీ తేదీకీ పోలికేమిటి, నేను పోల్చనంటే పోల్చను అని, మొదటి ఖాళీ గడి దగ్గరే భీష్మించుకుని ఆగిపోయింది. హెల్త్ కార్డులన్నీ ఆగిపోయాయి.

ప్రణీత లోపలికి వెళ్ళి, "ఒక్క లైను సార్. గడి ఖాళీగా ఉంటే ఇంకా ఉన్నారని లెక్కవేసుకోమని చెప్తే చాలు. ఐదు నిమిషాలు పట్టదు" అంది.

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూడమ్మా. స్క్రిప్టు ధ్రువీకృతమైనది. ఒక్క అక్షరము మార్చినా సర్టిఫికెట్టు అసత్యమగును. సర్టిఫికెట్టు అసత్యమైన యెడల షీల్డు సంగతి ఏమిటి? డేటా మాత్రం ధ్రువీకృతము కాలేదు. కావున దోషము డేటాయందే గలదు."

"డేటాలో దోషమేముంది సార్? వాళ్ళు బతికున్నారు."

"అదేనమ్మా నేను చెప్పేది."

ఈ సంభాషణ సత్తిరాజుకి కాసులు చెప్పాడు. కాసులు ఆయన లాంచీలోనే ఇంజను డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. కాసులుకి ఆఫీసు కాంటీన్ చెప్పింది. సత్తిరాజు నమ్మలేదు. "ఎంత ఆఫీసయినా అంత వెర్రి ఉండదులేరా" అన్నాడు. ఆ మాట అన్న వారానికే సర్క్యులర్ వచ్చింది.

'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సంస్థ యొక్క విశ్రాంత ఉద్యోగులలో ఇంకనూ సజీవులుగా కొనసాగుచున్నవారు తమ తమ మరణ తేదీని తక్షణమే కార్యాలయమునకు సమర్పించవలెను. సదరు గడి ఖాళీగా ఉంచరాదు. తేదీ సుమారుగా ఉండవచ్చును గానీ స్పష్టముగా ఉండవలెను. కొట్టివేతలు అంగీకరింపబడవు.'

సత్తిరాజు తడుముకుంటూ బస్సెక్కి ఆఫీసుకి వెళ్ళాడు. కౌంటర్లో సూపరింటెండెంటు భాస్కరమూర్తి కాగితాలు తిరగేసి, మర్యాదగా పెన్ను అందించాడు.

"ఇక్కడ మరణ తేదీ రాయలేదండి."

"ఎవరిదండి?"

"మీదేనండి."

"నేనింకా ఉన్నాను కదండి."

"అది నాకు కనపడతందండి. కంప్యూటర్‌కి కనపడాలి కదా. దానికి తేదీ ఉంటేనేగానీ మనిషి ఉన్నట్టు తెలవదు."

"తెలిస్తే ఈపాటికి రాసేద్దునండి. పైవాడు నాకేమన్నా కబురెట్టాడా?"

"అందరూ ఇలాగే అంటే ఆఫీసు నడిచేదెలాగండి?" అన్నాడు భాస్కరమూర్తి, నొచ్చుకుని. "ఏదో మీకు వీలైన రోజు రాయండి."

సత్తిరాజు ఆలోచించుకుని వస్తానని ఇంటికొచ్చేశాడు. భార్య మహలక్ష్మికి సంగతి చెప్పాడు. ఆవిడ చేస్తున్న పులుసు దించి, గరిటె పక్కన పెట్టి, కొంగు బిగించి కూర్చుంది.

"మీ చేత్తో మీరు ఆ తేదీ రాస్తారా? రాసి తిన్నగా ఇంటికొచ్చి నేను వడ్డిస్తే అన్నం తింటారా?"

"ఉత్తుత్తిదే. కంప్యూటర్ కోసమే."

"కంప్యూటర్ కోసం నా పసుపు కుంకాలు రాసిచ్చేస్తారా? యముడు కూడా ఇల్లాలినడక్కుండా అంత ధైర్యం చెయ్యడు. కన్నుపోతే నేను చెయ్యట్టుకు నడిపిస్తాను. ఆ కాగితం మాత్రం నా గుమ్మంలోకి రాకూడదు."

సత్తిరాజుకి భయం వేసింది. ఒక పక్క కన్ను, ఒక పక్క మహలక్ష్మి. నలభయ్యేళ్ళ కాపరంలో ఏనాడూ ఆవిడ మాట కాదన్న పాపాన పోలేదు. ఇప్పుడు మొదలెడదామంటే వయసు కూడా లేదు. కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నాడు.

ఈలోగా మిగతావాళ్ళు రాయడం మొదలెట్టారు. తెలివైనవాళ్ళు కొందరు సంవత్సరం దగ్గర నాలుగు తొమ్మిదులు వేశారు. కంప్యూటర్ ఒప్పుకుంది, అకౌంట్స్ వాళ్ళు ఒప్పుకోలేదు. అన్ని వేల ఏళ్ళు ఇంతమందికి మోకాళ్ళ నొప్పులకి మందులిస్తే సంస్థ ఏమైపోవాలని లెక్కగట్టి, కుప్పలు కుప్పలుగా అంకెలు వేసి, సంస్థ ఇప్పటికే దివాలా తీసిందని తేల్చారు. వెంటనే రెండో సర్క్యులర్ వచ్చింది. నిండు నూరేళ్ళకి మించి ఎవరూ జీవించరాదు, మించదలచినవారు పూర్వానుమతి పొందవలెను.

దాంతో జనం భక్తిలో పడ్డారు. పోయేదేదో మంచిరోజున పోదామని అందరూ ముక్కోటి ఏకాదశి రాశారు. ఒక్క రోజున వందలమంది పోతున్నారని జాబితాలో చూసి, విపత్తుల నివారణ వాళ్ళు ఆ తేదీకి రెండు రబ్బరు పడవలూ, ఒక టెంటూ పంపుతామని రాశారు. మూడో సర్క్యులర్: ఏకాదశికి పరిమితముగా మాత్రమే అవకాశము గలదు, సీనియారిటీ ప్రకారము కేటాయింపబడును, మిగిలినవారు ద్వాదశితో సరిపెట్టుకొనవలెను. గుమాస్తాగా చేసిన ఒకాయన, ఆఫీసరుగా చేసిన ఇంకొకాయనా ఏకాదశి కోసం కౌంటర్ దగ్గర చొక్కాలు పట్టుకున్నారు. ఇద్దరికీ షుగరు. భాస్కరమూర్తి ఇద్దర్నీ విడదీసి మజ్జిగ ఇప్పించాడు.

పరాంకుశం గారు మాత్రం చలించలేదు. విలేకరుల్ని పిలిచి, "ద్వాపరయుగములో ఒక్క భీష్మాచార్యులవారికే లభించిన ఇచ్ఛామరణ సౌకర్యమును, మా సంస్థ సరంగు మొదలు సూపరింటెండెంటు వరకు ప్రతి ఒక్కరికీ ఉచితముగా కల్పించుచున్నది" అన్నారు. దానికి భీష్మ పథకం అని పేరు పెట్టారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడని మనవాళ్ళు ఊరికే అనలేదు.

అసలు చిక్కు అప్పటికి ఎవరికీ తట్టలేదు. ముందుగా తట్టింది కాసులుకి. స్క్రిప్టు మరణ తేదీ వరసలోనే మంజూర్లు ఇస్తుంది కదా. ముందు పోయేవాడు ముందు నిలబడతాడు. నూరేళ్ళు రాసుకున్నవాడి పన్ను నొప్పికి నూరేళ్ళ దగ్గర మందు దొరుకుతుంది. అప్పటిదాకా గడి నింపని కాసులు వెంటనే దగ్గరి తేదీ ఒకటి రాసిచ్చేశాడు. మంగళవారం హెర్నియా ఆపరేషను అయింది, ఆ పై సోమవారం చనిపోయాడు.

ఆఫీసులో సంతాప సభ పెట్టారు. కాసులు కూడా వెళ్ళాడు. వెనక కుర్చీలో కూర్చుని రెండు నిమిషాలు మౌనం పాటించాడు. అతని నిజాయితీనీ, సమయపాలననీ పరాంకుశం గారు పొగుడుతుంటే, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మెమోలు తప్ప ఏమీ ఎరగని కాసులు కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. టీ, రెండు బిస్కెట్లు ఇచ్చారు. పూలదండ ఇంటికి పట్టుకెళ్ళమన్నారు.

"నొప్పేం లేదన్నా" అన్నాడు సత్తిరాజుతో. "ఆపరేషనే కాస్త సలిపింది. చావు అస్సలు తెలవలేదు."

సత్తిరాజు వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. తేదీ దూరంగా రాస్తే తన వంతు వచ్చేసరికి కన్ను మిగలదు. మరీ దగ్గరగా రాస్తే ఆపరేషను కన్నా ముందు తనే మిగలడు. డాక్టరు ఇచ్చిన రోజుకి రెండు రోజులు అటుగా రాస్తే చాలు. లెక్క బాగానే ఉంది. మహలక్ష్మికి చెప్పే ధైర్యమే లేదు.

ఆ సాయంత్రం వీధి గుమ్మంలో మసగ్గా ఎవరో నిలబడ్డారు. చేతిలో సంచి. సత్తిరాజు అరుగు మీంచి లేచి, మర్యాదగా, "ఎవరండీ? లోపల మా ఆవిడుంది, పిలుస్తానుండండి" అన్నాడు.

ఆ మనిషి సంచి కింద పెట్టి, వచ్చి ఆయన పక్కన కూర్చుంది. గాజుల చప్పుడు విన్నాక ఆయనకి తెలిసింది. సిగ్గుతో తల వంచుకున్నాడు.  నలభయ్యేళ్ళు కాపరం చేసిన మనిషికి మహలక్ష్మి దారిన పోయే ఆడమనిషై పోయింది. చెయ్యట్టుకు నడిపిస్తానంది గానీ, నడిపించేది ఎవరో కూడా ఆయనకి తెలియకపోతే ఎలా?

"రాయండి" అంది చివరికి.

"ఏంటి?"

"మీ తేదీ. రాయండి. అయితే ఆ కార్డులో నా పేరుంది కదా, నాకూ ఆ గడి ఉంటది కదా. నాది మీకన్నా ఒక్క రోజు ముందు రాయించండి. కంప్యూటర్లో అయినా సరే, నేను పుణ్యస్త్రీగానే పోవాలి. అలాగైతేనే ఒప్పుకుంటాను."

మర్నాడు ఇద్దరూ కౌంటర్ దగ్గరికి వెళ్ళారు. భాస్కరమూర్తి రెండు తేదీలూ చూసి, "అమ్మగారిది స్వచ్ఛందమేనా అండి? ఎవరి బలవంతమూ లేదు కదా?" అని అడిగాడు.

"మరేనండి" అంది మహలక్ష్మి. "నా ఇష్ట ప్రకారమే పోతన్నాను."

మంజూరు ముద్ర పడింది. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా. ఆపరేషను రోజున డాక్టరు గారి అత్తగారు జారిపడ్డారు. రెండు రోజులు వాయిదా. సత్తిరాజు మళ్ళీ వేళ్ళు మడిచి చూసుకున్నాడు. కొత్త రోజు సరిగ్గా ఆయన చనిపోయే రోజే. తేదీ మార్చమని ఆఫీసుకి పరిగెత్తితే, కొట్టివేతలు అంగీకరింపబడవన్నారు. భాస్కరమూర్తే జాలిపడి రూలు వెతికి చెప్పాడు. "మరణం ఆఫీసు కట్టేసిన తర్వాతే అమల్లోకి వస్తదండి. ఐదింటికి. అప్పటిదాకా మీకు అన్ని హక్కులూ ఉంటాయి. ఐదులోపల కానిచ్చేసుకోండి."

ఆసుపత్రిలో మధ్యాహ్నమంతా కూర్చోబెట్టారు. సత్తిరాజు గంట గంటకీ టైము అడుగుతున్నాడు. రేవు దాటేటప్పుడు తుఫాను తరుముకొచ్చినా ఇంత కంగారు పడలేదు. నాలుగు దాటాక పిలిచారు. తోడుగా మహలక్ష్మి లేచేసరికి తలుపు దగ్గర కుర్రాడు చేతిలో కాగితం చూసి అడ్డుపడ్డాడు.

"కార్డు మీదున్నోళ్ళే రావాలమ్మా."

"నేను మహలక్ష్మినే. పేరు చూడు."

"పేరుంది గానీ, నిన్న చనిపోయినట్టుందమ్మా."

"చచ్చిపోయానుగా? మరి చచ్చినదాన్ని నీకెలా కనపడతన్నాను? కనపడతంటే బతికున్నట్టు, లోపలికి పోనియ్యి. కనపడకపోతే ఇంకా మంచిది, పక్కకి తప్పుకో" అని ఆవిడ వాణ్ణి దాటుకుని వెళ్ళిపోయింది. వాడు చాలాసేపు రూలు ఏమిటా అని ఆలోచిస్తూ నిలబడ్డాడు.

ఐదింటికి కొంచెం ముందే కంటికి కట్టు కట్టేశారు. ఐదింటికి సత్తిరాజు చనిపోయాడు. మంచం ఖాళీ చెయ్యమన్నారు. మర్నాడు కట్టు విప్పి, నల్ల కళ్ళజోడు పెట్టి, వెలుతురు తగలనీయవద్దని డాక్టరు గారు మరీ మరీ చెప్పారు. వీధిలో ఆడవాళ్ళు వచ్చి, భర్త చేతుల మీదుగా దాటిపోయిన ముత్తయిదువని మహలక్ష్మి చేత బొట్టు పెట్టించుకుని వెళ్ళారు. ఆవిడ వద్దు వద్దంటూనే కొత్త చీర కట్టుకుంది.

వానలు మొదలయ్యాక ఒక రోజు ఇద్దరూ ఆఫీసుకి వెళ్ళారు. చుక్కల మందు కార్డు మీద ఇస్తారేమో కనుక్కుందామని. ట్రెజరీ వాళ్ళు ఇంకా పాత వెర్షన్లోనే ఉన్నారు కాబట్టి, దేవుడి దయవల్ల పింఛనుకి లోటు లేదు. భాస్కరమూర్తి లేచి నిలబడి, "స్వర్గీయ సత్తిరాజు గారా, రండి, కూర్చోండి. కీర్తిశేషులు అమ్మగారికి కుర్చీ వెయ్యండోయ్" అన్నాడు. బతికున్నప్పుడు ఆ ఆఫీసులో సత్తిరాజుకి ఎవరూ కుర్చీ వెయ్యలేదు.

ఆ రోజే పరాంకుశం గారి రిటైర్మెంటు. మెడలో దండతో ఆయన కూడా కౌంటర్ దగ్గరే ఉన్నారు. ఆయనకి గుండెలో స్టెంటు వెయ్యాలి. రేపటి నుంచి ఆయనా హెల్త్ కార్డు మనిషే. చేతిలో కాగితం, కాగితంలో గడి, గడి మీద పెన్ను. పెన్ను కదలటం లేదు. 

"ఇంకా దూరంగా వేసుకొనవచ్చునా?" అన్నారు.

"వేసుకోవచ్చు సార్. స్టెంటు కూడా అప్పుడే మంజూరవుద్ది."

"దగ్గరగా వేసుకున్న యెడల?"

"సంతాప సభ తమరే పెట్టించుకోవాలి సార్. కొత్త ఎండీ గారింకా రాలేదు."

ఆయన దిక్కులు చూసి, నల్ల కళ్ళజోడు పెట్టుకున్న సత్తిరాజుని చూశారు. ఎవరని అడిగితే, భీష్మ పథకం లబ్ధిదారుడని భాస్కరమూర్తి పరిచయం చేశాడు. పరాంకుశం గారు కుర్చీ దగ్గరకి జరుపుకున్నారు. గొంతు తగ్గించి, గ్రాంథికం మానేసి, "ఎలా ఉంటుందయ్యా?" అని అడిగారు.

సత్తిరాజుకి ఆయన మీద ఉన్న కోపమంతా ఆ ఒక్క మాటతో దిగిపోయింది. రేవులో మొదటిసారి లాంచీ ఎక్కేవాళ్ళకి చెప్పినట్టే చెప్పాడు. "మొదటి రోజు కాస్త ఇదిగా ఉంటదండి. తర్వాత అలవాటైపోద్ది. రాసెయ్యండి సార్. చచ్చేదాకానే భయం."

పెన్ను కింద పడింది. పరాంకుశం గారు గుండె పట్టుకుని, "ఆ అమ్మాయిని పిలవండి" అన్నారు.

ప్రణీత వచ్చింది. నిలబడే ఒక లైను రాసింది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చి, ఆ గొడ్డలితో ఇంతమందిని నరికాక, చివరికి గోటితోనే పోయింది. పరాంకుశం గారి గడి ఖాళీగా వదిలేశారు. కంప్యూటర్ కిక్కురుమనలేదు. సాయంత్రానికల్లా పత్రికా ప్రకటన వెలువడింది. 'తమ మరణ తేదీ తమకు తెలియకుండా ఉండే అపూర్వ అవకాశమును ఉద్యోగులకు కల్పించిన ప్రథమ సంస్థ.' దానికి ఇంకో షీల్డు వచ్చింది.

"మరి మా సంగతేంటండి?" అని ప్రణీత అటు వెళ్ళగానే అడిగాడు సత్తిరాజు.

"మీరూ గడి ఖాళీ చేయించుకోవచ్చండి" అన్నాడు భాస్కరమూర్తి సంబరంగా. "లేచి కూర్చున్నట్టే. స్క్రిప్టు రోజుకి ఒకసారి నడుస్తది, ఒక కార్డు మీద రోజుకి ఒక పేరు. ఎవరు ముందు పోతే వాళ్ళు ముందు లేస్తారు. రేపు అమ్మగారు, ఎల్లుండి మీరు."

మహలక్ష్మి కుర్చీ ముందుకి జరుపుకుంది. "అంటే రేపు నేను బతికుంటాను, ఆయన ఉండరు?"

"ఒక్క రోజేనండి."

"ఒక్క రోజైనా, ఒక్క పూటైనా ఆయన లేకుండా నేను బతికుండనండి. ముందు ఆయన్ని లేపండి."

"వరస మార్చాలంటే స్క్రిప్టు మార్చాలి కదండి. ఇవాళే ధ్రువీకరించారు."

ఆవిడ లేచింది. "అక్కర్లేదులెండి. ఇద్దరం ఒక్కచోటే ఉన్నాం. మమ్మల్ని ఇలాగే ఉండనివ్వండి." ఆపరేషను చేయించుకోడానికి ఇంకో కన్ను ఎలాగూ లేదు కదా అని సత్తిరాజు కూడా లేచాడు. భాస్కరమూర్తి గుమ్మందాకా వచ్చి నమస్కారం పెట్టాడు.

బయట వాన వెలిసింది. మబ్బు పట్టి వెలుతురు మెత్తగా ఉంది. సత్తిరాజు మెట్ల మీద ఆగి, ఇంక ఫరవాలేదని నల్ల కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. గోడ మీద నాచు కనపడింది, రోడ్డవతల బండి మీద మొక్కజొన్న పొత్తులు కనపడ్డాయి. పక్కకి తిరిగి ఆగిపోయాడు.

"బస్సొస్తంది. ఏంటలా చూస్తన్నారు?" అంది మహలక్ష్మి.

"నిన్నేనే" అన్నాడు సత్తిరాజు. "చచ్చిపోయాక కళొచ్చింది నీకు."